స్టెయిన్‌లెస్ స్టీల్‌లో చిల్లు వేస్తుంటే బిట్టు ఎందుకు కాలిపోతుంది?

మైల్డ్ స్టీల్ (మామూలు ఉక్కు) ప్లేట్‌లో పదుల కొద్దీ చిల్లులు వేసినా పదును పోని బిట్టు, స్టెయిన్‌లెస్ రేకు మీద పెట్టగానే కీచుమంటుంది. కాస్త పొగ వస్తుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా దిగదు. బయటికి తీసి చూస్తే మొన నల్లగానో నీలంగానో మారి ఉంటుంది, రేకు మీద అద్దంలా మెరిసే చిన్న గుంట తప్ప ఏమీ ఉండదు. ఇంకో కొత్త బిట్టు అదే గుంటలో పెడితే అదీ అంతే. దాంతో బిట్లు నాసిరకం అనో, ఈ లోహం మరీ గట్టిది అనో నిర్ణయానికి వచ్చేస్తారు. రెండింట్లోనూ కొంత నిజం ఉండొచ్చు గానీ, ఎక్కువసార్లు బిట్టు పోవడానికి కారణం అది తిరిగిన వేగం, దాని మీద పడని బరువు.

క్లుప్తంగా విషయం ఇది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఎక్కువ వాడే రకాలు మొదట్లో మెత్తగానే ఉంటాయి, ఒరుసుకునే కొద్దీ గట్టిపడతాయి. పుట్టిన వేడిని తొందరగా వదిలించుకోలేవు కాబట్టి ఆ వేడంతా బిట్టు అంచు దగ్గరే పోగుపడుతుంది. అందుకే తక్కువ వేగం, ఆపకుండా గట్టి నొక్కుడు, పదునైన కోబాల్ట్ బిట్టు, కటింగ్ ఆయిల్ కావాలి. ఈ నాలుగింటిలో మొదటి రెండూ తప్పితే మిగతా రెండూ పెద్దగా కాపాడలేవు.

మెత్తని లోహం ఎలా గట్టిపడుతుంది

రెయిలింగులు, ట్యాంకులు, సింకులు, ప్యానెల్ బాక్సుల్లో కనిపించే స్టెయిన్‌లెస్ స్టీల్ చాలావరకు 304 లేదా 316 గ్రేడ్. 304లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది. తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియం. నికెల్ చేసే పని వేరు, మామూలు ఉష్ణోగ్రతలో కూడా లోపలి పరమాణువుల అమరిక ఆస్టెనైట్ అనే రూపంలో ఉండిపోయేలా చేస్తుంది. డ్రిల్లింగ్‌లో వచ్చే గొడవంతా ఈ ఆస్టెనైట్‌తోనే.

అంకెలు చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు నిర్మాణ ఉక్కు శాశ్వతంగా వంగడం మొదలుపెట్టే ఒత్తిడి 250 మెగాపాస్కల్స్ దగ్గర ఉంటుంది, తెగిపోయేది 410 దగ్గర. 304కి కనీస ప్రమాణాలు 205, 515. అంటే ఇది మైల్డ్ స్టీల్ కంటే ముందే లొంగుతుంది, కానీ లొంగిన తర్వాత తెగేదాకా రెండున్నర రెట్లు బలం పెంచుకుంటుంది. వంచినా, నొక్కినా, మొద్దు అంచుతో రుద్దినా ఈ బలం పెరుగుతూనే ఉంటుంది. దీన్నే వర్క్ హార్డెనింగ్ అంటారు. వేడి చేయకుండా బాగా సాగదీసిన 304 ఉపరితలం, గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి స్కేలు మీద 35 దాటగలదు, అసలు రూపంలో ఆ స్కేలు మీద కొలవడానికి కూడా సరిపోనంత మెత్తగా ఉండే లోహం అది.

ఇందులో కొంత భాగం ఆస్టెనైట్ కాస్తా మార్టెన్‌సైట్ అనే గట్టి రూపంలోకి మారిపోవడం వల్ల జరుగుతుంది. దీన్ని ఎవరైనా పరీక్షించుకోవచ్చు. 304 రేకు చదునుగా ఉన్న చోట అయస్కాంతం దాదాపు అంటదు, అదే రేకుని పదునుగా మడిచిన మూల దగ్గర పెడితే కొంచెం లాగుతుంది. మార్టెన్‌సైట్‌కి అయస్కాంత గుణం ఉంది, ఆస్టెనైట్‌కి లేదు. 316లో ఈ మార్పు తక్కువగా ఉంటుంది గానీ, అదీ గట్టిపడకుండా ఉండదు.

ఇప్పుడు బిట్టు దగ్గరికి వస్తే, ఒక అంచు లోహాన్ని కోసుకుంటూ పోయినప్పుడు దాని కింద పలచని గట్టి పొర ఒకటి మిగులుతుంది. రెండో అంచు ఆ పొర కిందికి దిగి కోస్తే ఇబ్బంది లేదు, దాని అడుగున మెత్తని లోహమే ఉంటుంది. నొక్కుడు చాలక ఆ పొర మీదే జారిందంటే మాత్రం కోత ఆగి ఒరిపిడి మొదలవుతుంది. ఒరిపిడితో పొర ఇంకా గట్టిపడుతుంది, గట్టిపడ్డ కొద్దీ దిగడానికి ఇంకా ఎక్కువ బరువు కావాలి, ఆ బరువు పడదు, మళ్లీ ఒరిపిడి. నిమిషానికి వందల చుట్లు తిరిగే బిట్టుకి ఈ విషవలయం పూర్తవడానికి కొన్ని సెకన్లు చాలు. గుంట అడుగున కనిపించే ఆ అద్దంలాంటి మెరుపు, కోత ఆగిపోయి రుద్దుడు మాత్రమే మిగిలిందని చెప్పే గుర్తు.

వేడి ఎటు పోతుంది

లోహాన్ని కోస్తే వేడి పుడుతుంది, ఏ లోహమైనా అంతే. ఆ వేడి కొంత కోతలో ఊడే లోహపు ముక్కలతో, అంటే చిప్స్‌తో బయటికి పోతుంది, కొంత రేకులోకి పాకుతుంది, మిగతాది బిట్టులోకి ఎక్కుతుంది. ఎంత భాగం ఎటు పోతుందన్నది లోహం వేడిని ఎంత బాగా ప్రసరింపజేస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. మైల్డ్ స్టీల్ ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 50 వాట్ల దగ్గర ఉంటే, అల్యూమినియంది 200 పైన, 304ది దాదాపు 16. అంటే మైల్డ్ స్టీల్‌లో మూడో వంతు మాత్రమే. కోత జరిగే చోటు నుంచి వేడి రేకులోకి పాకలేక అక్కడే నిలబడిపోతుంది, పక్కనే ఉన్నది బిట్టు అంచు.

హైస్పీడ్ స్టీల్, అంటే అందరూ హెచ్‌ఎస్‌ఎస్ అనే బిట్లు, 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దాకా పదును నిలుపుకుంటాయి. అది దాటితే అంచు మెత్తబడుతుంది, మెత్తబడ్డ అంచు కోయలేక రుద్దుతుంది, రుద్దితే వేడి ఇంకా పెరుగుతుంది. లోహం వైపు గట్టిపడటం, బిట్టు వైపు మెత్తబడటం, రెండూ ఒకేసారి జరుగుతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో బిట్లు మెల్లగా అరగకుండా ఒక్కసారిగా పోవడానికి కారణం ఇదే.

బిట్టులో ముందుగా పోయేది బయటి మూల. రెండు కోత అంచులూ బిట్టు చుట్టుకొలతను కలిసే ఆ కొసలు అన్నిటికంటే వేగంగా తిరుగుతాయి, కాబట్టి అన్నిటికంటే ముందు వేడెక్కుతాయి. కాలిన బిట్టుని వెలుతురులో తిప్పి చూస్తే ఆ రెండు మూలలూ గుండ్రంగా అరిగి, వెనక పక్క గీతలు పడి, అంచుకి సన్నగా స్టెయిన్‌లెస్ ముక్కలు అతుక్కుని ఉంటాయి. ఆ అతుక్కోవడం కూడా ఈ లోహం గుణమే. వేడిలో, ఒత్తిడిలో బిట్టు అంచుకి పేరుకుపోతుంది, పేరుకున్నది ఊడి పోయేటప్పుడు అంచులో చిన్న ముక్కని కూడా తీసుకుపోతుంది.

వేగం: అందరూ తప్పేది ఇక్కడే

గట్టి లోహం కాబట్టి ఎక్కువ స్పీడ్ పెట్టాలి అనుకోవడం సహజం, చెక్కలో అది పనిచేస్తుంది కూడా. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో మాత్రం బిట్లు కాల్చేసే మొదటి తప్పు అదే.

కోత వేగాన్ని నిమిషానికి మీటర్లలో కొలుస్తారు, అంటే బిట్టు బయటి మూల ఒక నిమిషంలో ఎంత దూరం ప్రయాణిస్తుందో అది. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టుకి మైల్డ్ స్టీల్‌లో 25 నుంచి 30 మీటర్లు మామూలుగా సరిపోతుంది, 304లో 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండాలి. 12 మీటర్లు అనుకుంటే లెక్క తేలిక: 3800ని బిట్టు వ్యాసంతో, మిల్లీమీటర్లలో, భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో, అంటే ఆర్‌పీఎం వస్తుంది. 10 మిల్లీమీటర్ల బిట్టుకి 380, 6 మిల్లీమీటర్ల దానికి 630 చిల్లర, 3 మిల్లీమీటర్లకి 1270 దాకా. ఆయిల్ సరిగా అందే వీలు లేకపోతే ఇంకా తగ్గించడం మంచిది.

మామూలు చేతి డ్రిల్ ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే 3000 ఆర్‌పీఎం దగ్గర తిరిగేవి చాలా ఉన్నాయి. దానికి 10 మిల్లీమీటర్ల బిట్టు బిగిస్తే బయటి మూల వేగం నిమిషానికి 94 మీటర్లు, ఉండాల్సిన దానికి దాదాపు ఎనిమిది రెట్లు. ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికన్ ఇంజినీర్ 1907లో ప్రచురించిన సూత్రం ఒకటుంది, వేగం పెరిగే కొద్దీ పనిముట్టు ఆయుష్షు ఎలా పడిపోతుందో చెబుతుంది. హెచ్‌ఎస్‌ఎస్‌ని తయారుచేసిన ఇద్దరిలో కూడా ఆయన ఒకడు. ఆ సూత్రంలో హెచ్‌ఎస్‌ఎస్‌కి సాధారణంగా తీసుకునే ఘాతం ప్రకారం వేగం రెట్టింపు చేస్తే ఆయుష్షు 256వ వంతుకి పడిపోతుంది. వర్క్‌షాప్‌లో ప్రతిసారీ అచ్చంగా ఆ అంకె రాదు, సూత్రానికి దాని హద్దులు దానికి ఉన్నాయి, కానీ దిశ మాత్రం అదే. కొంచెం వేగం తగ్గిస్తే బిట్టు కొంచెం ఎక్కువ కాలం మన్నడం కాదు, చాలా ఎక్కువ కాలం మన్నుతుంది. ఎనిమిది రెట్ల వేగంలో ఎన్నో చిల్లులు వస్తాయని ఆశించడమే తప్పు.

రెండు గేర్ల కార్డ్‌లెస్ డ్రిల్ ఉంటే మొదటి గేరులో పెట్టడమే మొదటి పని. ఆ గేరులో వేగం తగ్గడమే కాదు, మెలితిప్పే బలం కూడా పెరుగుతుంది, గట్టిగా నొక్కినప్పుడు మోటారు ఆగిపోకుండా ఉండాలంటే అదీ కావాలి. హ్యామర్ మోడ్ ఈ లోహం మీద ఎప్పుడూ వాడకూడదు, కోత అంచు ఆ దెబ్బలకే చిట్లిపోతుంది.

నొక్కుడు: ముప్పై నాలుగు చుట్లా, రెండు వందల యాభై చుట్లా

వేగం తగ్గించాలని చాలామందికి తెలుసు. బిట్టు పాడవకూడదని మెల్లగా, సుతిమెత్తగా నొక్కడం దగ్గరే మళ్లీ తప్పుతుంది. జాగ్రత్త పడుతున్నాం అనుకుంటూ చేసే పని ఇది, అందుకే వదిలించుకోవడం కష్టం.

ఒక చిన్న లెక్క చూద్దాం. 3 మిల్లీమీటర్ల మందం రేకులో 10 మిల్లీమీటర్ల చిల్లు కావాలి. బిట్టు మొన ఎత్తు ఇంకో 2 మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి బిట్టు మొత్తం 5 మిల్లీమీటర్లు దిగాలి. ఒక చుట్టుకి 0.15 మిల్లీమీటర్లు దిగేలా నొక్కితే 34 చుట్లలో పని అయిపోతుంది, 380 ఆర్‌పీఎంలో అది ఆరు సెకన్లు కూడా పట్టదు. అదే భయపడుతూ చుట్టుకి 0.02 మాత్రమే దిగేలా నొక్కితే 250 చుట్లు కావాలి. మొదటి పద్ధతిలో బయటి మూల మొత్తం తిరిగే దూరం ఒక మీటరు పైచిలుకు, రెండో పద్ధతిలో దాదాపు ఎనిమిది మీటర్లు. చిల్లు అదే, తీసిన లోహం అంతే, కానీ అంచు ఏడు రెట్లు ఎక్కువ దూరం గట్టిపడిన ఉపరితలాన్ని రాసుకుంటూ పోయింది. పైగా అంత పలచని కోతలో అంచు గట్టి పొర కిందికి దిగనే దిగదు.

3 మిల్లీమీటర్ల బిట్టుకి చుట్టుకి 0.05, 6 మిల్లీమీటర్ల దానికి 0.1 దగ్గర అనుకోవచ్చు. స్టాండుకి బిగించిన డ్రిల్, అంటే డ్రిల్ ప్రెస్, ఉంటే హ్యాండిల్‌తో ఇది సులువు. చేతి డ్రిల్‌తో 10 మిల్లీమీటర్ల బిట్టుకి అంత బరువు వేయడం మనిషికి చాలా కష్టం, ఒళ్లంతా ఆనించి నొక్కినా చాలకపోవచ్చు. పెద్ద చిల్లులకి చేతి డ్రిల్ తరచూ విఫలమయ్యేది ఇందుకే, లోపం బిట్టుది కాదు. పనిముక్కని వైస్‌లో గానీ క్లాంప్‌తో గానీ కదలకుండా బిగించకపోతే ఆ కాస్త బరువు కూడా వృథా అవుతుంది, పైగా బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకు గిర్రున తిరిగి చేతిని కోసే ప్రమాదం ఉంది.

మధ్యలో ఆపి చూసుకోవడం ఇంకో అలవాటు. తిరుగుతున్న బిట్టుని నొక్కకుండా చిల్లు అడుగున ఉంచడం అంటే అక్కడ పాలిష్ పట్టడమే. ఆపాలంటే బిట్టుని పూర్తిగా పైకి తీసి ఆపాలి, మళ్లీ దించేటప్పుడు అడుగు తగిలిన క్షణం నుంచే గట్టిగా నొక్కాలి. లోతు బిట్టు వ్యాసానికి మూడు రెట్లకి లోపు ఉన్నంతవరకు ఒకే ఊపులో వెళ్లడం మేలు. అంతకు మించిన లోతులో చిప్స్ ఇరుక్కుంటాయి కాబట్టి మధ్యమధ్య బయటికి తీయక తప్పదు, అది చకచకా జరగాలి.

ఏ బిట్టు కొనాలి

మామూలు హెచ్‌ఎస్‌ఎస్ బిట్టుతో స్టెయిన్‌లెస్ స్టీల్‌లో చిల్లు పడదనేమీ లేదు. పదునుగా ఉండి, వేగం తక్కువగా ఉండి, ఆయిల్ ఉంటే పడుతుంది. కాకపోతే అది పొరపాట్లని భరించదు. కోబాల్ట్ బిట్టు కొంచెం భరిస్తుంది. ఎం35 అనే రకంలో 5 శాతం, ఎం42లో 8 శాతం కోబాల్ట్ కలుపుతారు. దానివల్ల వేడిలో గట్టిదనం ఎక్కువ సేపు నిలుస్తుంది. కోబాల్ట్ లోహమంతా కలిసి ఉంటుంది కాబట్టి సానపట్టినా గుణం పోదు. పెళుసుదనం మాత్రం పెరుగుతుంది, చేతి డ్రిల్‌ని పక్కకి వంచితే హెచ్‌ఎస్‌ఎస్ ఓర్చుకునే చోట కోబాల్ట్ బిట్టు పుటుక్కున విరుగుతుంది.

బంగారు రంగులో మెరిసే టైటానియం బిట్ల గురించి అపోహ బాగా ఉంది. అవి టైటానియంతో చేసినవి కావు, హెచ్‌ఎస్‌ఎస్ మీద కొన్ని మైక్రాన్ల మందాన టైటానియం నైట్రైడ్ పూత వేసినవి. పూత గట్టిదే, లోహం అతుక్కోకుండా బాగానే సాయపడుతుంది, కానీ లోపలి ఉక్కు నాసిరకం అయితే పూత ఏం చేయలేదు. సానపట్టగానే కోత అంచు వెనక పూత పోతుంది కూడా. నల్లని బిట్ల మీద ఉండేది ఎక్కువగా ఆక్సైడ్ పొర, అది ఆయిల్‌ని పట్టి ఉంచుతుంది, గట్టిదనం పెంచదు. రంగు చూసి బిట్టు కొనడం కంటే దాని మీద ఎం35 అనో ఎం42 అనో చెక్కి ఉందా అని చూడటం నయం.

కార్బైడ్ (ఉక్కు కంటే చాలా గట్టి పదార్థం) బిట్టు వేడికి బాగా ఆగుతుంది, ఎక్కువ వేగంలో కూడా కోస్తుంది. అయితే గాజులాగా పెళుసు. కదలని మెషిన్‌లో, గట్టిగా బిగించిన ముక్క మీద అది అద్భుతంగా పనిచేస్తుంది, చేతి డ్రిల్‌లో పెడితే మొదటి వణుకుకే అంచు రాలిపోతుంది. దానికి కూలెంట్ (చల్లబరిచే ద్రవం) పోస్తే ధారగా పోస్తూనే ఉండాలి, ఎర్రగా వేడెక్కాక అప్పుడప్పుడు పోస్తే పగుళ్లు వస్తాయి. గోడలకి వాడే మేసన్రీ బిట్టు కొసన కూడా కార్బైడే ఉంటుంది గానీ అది పొడిచేయడానికి చేసిన ఆకారం, కోయడానికి కాదు.

బిట్టు దేనితో చేశారన్నది ఎంత ముఖ్యమో మొన ఆకారం కూడా అంతే ముఖ్యం. బిట్టు సరిగ్గా మధ్యలో కోత వేగం సున్నా. అక్కడ రెండు అంచుల్ని కలిపే అడ్డగీతలాంటి భాగం లోహాన్ని కోయదు, పక్కకి నెట్టుకుంటూ నలుపుతుంది. మనం వేసే బరువులో పెద్ద వాటా దానికే పోతుంది, నలిపిన చోట గట్టిపడనే పడుతుంది. 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ బిట్టులో ఈ అడ్డగీతని రెండు వైపులా చెక్కి చిన్న చిన్న కోత అంచులుగా మారుస్తారు. దాంతో తక్కువ బరువుకే దిగుతుంది, పెట్టిన చోటి నుంచి పక్కకి జారదు. మామూలు 118 డిగ్రీల బిట్టు మైల్డ్ స్టీల్‌కి బాగుంటుంది, ఇక్కడ మాత్రం తేడా మొదటి చిల్లులోనే తెలిసిపోతుంది.

ఆయిల్ ఎందుకు, ఏ ఆయిల్

ఆయిల్ రెండు పనులు చేస్తుంది, చల్లబరచడం, జారేలా చేయడం. తక్కువ వేగంలో స్టెయిన్‌లెస్ స్టీల్‌కి రెండోదే ఎక్కువ ముఖ్యం. మంచి కటింగ్ ఆయిల్స్‌లో సల్ఫర్ లేదా క్లోరిన్ కలిపిన పదార్థాలు ఉంటాయి. మామూలు నూనె పొర ఒత్తిడికి చిరిగిపోయే చోట ఇవి ఆ వేడికే లోహంతో చర్య జరిపి జారుడుగా ఉండే సన్నని రసాయన పొరని ఏర్పరుస్తాయి, దానివల్ల చిప్స్ బిట్టుకి అతుక్కోవు. తుప్పు వదిలించడానికి వాడే పలచని స్ప్రేలు ఆ వేడికి నిమిషంలో ఆవిరైపోతాయి. ఏమీ లేకపోవడం కంటే నయమే, కటింగ్ ఆయిల్‌కి మాత్రం సాటి రావు. నీటిలో కలిపే సాల్యుబుల్ ఆయిల్ మెషిన్‌లో ధారగా పోయడానికి బాగుంటుంది, కాకపోతే స్టెయిన్‌లెస్ స్టీల్‌కి కాస్త చిక్కగా, 8 నుంచి 10 శాతం దాకా కలుపుతారు.

ఆయిల్ ముందుగానే పడాలి. పొగ వచ్చాక పోయడం అంటే అంచు అప్పటికే దెబ్బతిన్నాక పోయడమే.

పంచ్, పైలట్ చిల్లు, పలచని రేకు

చిల్లు గుర్తుకి సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో గట్టిగా కొడితే ఆ చోటే గట్టిపడుతుంది, తర్వాత బిట్టు మొన సరిగ్గా అక్కడే మొదలవ్వాలి. కాబట్టి బిట్టు నిలబడటానికి సరిపడా చిన్న గుంట చాలు. స్ప్లిట్ పాయింట్ బిట్టయితే తేలిక దెబ్బ సరిపోతుంది.

పెద్ద చిల్లుకి ముందు వేసే చిన్న చిల్లు, అంటే పైలట్ చిల్లు మీద అభిప్రాయ భేదాలు బాగా ఉన్నాయి, రెండు పక్షాల మాటలోనూ బలం ఉంది. పెద్ద బిట్టు మధ్యలోని అడ్డగీత పని తప్పించడం వరకు పైలట్ ఉపయోగమే, చేతి డ్రిల్‌తో 8 మిల్లీమీటర్లు దాటిన చిల్లు వేయాలంటే దాదాపు తప్పనిసరి. అయితే దాని వ్యాసం పెద్ద బిట్టు మధ్య మందానికి సమానంగా, లేదా కాస్త ఎక్కువగా ఉంటే చాలు. 3, 4, 5, 6 అంటూ మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోవడం మాత్రం నష్టమే. ప్రతి చిల్లు గోడకీ గట్టి పొర మిగులుతుంది, తర్వాతి బిట్టు ఆ పొరని కేవలం బయటి మూలలతోనే కోయాలి, ముందే చెప్పుకున్నట్టు బలహీనమైన భాగం అదే. ఒక పైలట్, తర్వాత నేరుగా చివరి సైజు, ఇది చాలా సందర్భాల్లో మెరుగైన దారి.

పలచని రేకుల కథ వేరు. బిట్టు మొన అవతలికి వెళ్లేసరికి బయటి అంచులు ఇంకా రేకులో దిగవు, ఆధారం లేని బిట్టు ఊగుతుంది, చిల్లు గుండ్రంగా రాకుండా మూడు మూలలుగా వస్తుంది, చివర్లో రేకు పట్టేసుకుని పైకి లేస్తుంది. కింద చెక్క ముక్క పెట్టి రెండింటినీ కలిపి బిగిస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. మెట్లు మెట్లుగా వ్యాసం పెరిగే స్టెప్ డ్రిల్ ఇక్కడ బాగా పనికొస్తుంది, రేకు మందం దాని ఒక మెట్టు ఎత్తు కంటే తక్కువ ఉంటే. దానికి కూడా వేగం తక్కువే ఉండాలి, పైగా మెట్లు పెరిగే కొద్దీ వ్యాసం పెరుగుతుంది కాబట్టి వేగం ఇంకా తగ్గిస్తూ పోవాలి.

బిట్టు ఎలా పనిచేస్తోందో చిప్స్ చెబుతాయి

సరిగ్గా కోస్తున్న బిట్టు ఒంటి మీది రెండు మెలిక గాడుల నుంచీ చుట్టలు చుట్టలుగా చిప్స్ వదులుతుంది. హెచ్‌ఎస్‌ఎస్, కోబాల్ట్ బిట్లకి అవి వెండి రంగులో గానీ లేత గడ్డి రంగులో గానీ ఉండాలి. ముదురు నీలం వచ్చిందంటే వేగం ఎక్కువైందని అర్థం. చుట్టలు ఆగిపోయి సూదుల్లాంటి ముక్కలో, పొడి రజనో రావడం మొదలైతే నొక్కుడు చాలడం లేదు లేదా పదును పోయింది. ఒక గాడి నుంచే చిప్స్ వస్తుంటే సానపట్టినప్పుడు రెండు అంచులూ సమానంగా రాలేదు. కీచు శబ్దం రుద్దుడుకి గుర్తు, అది వినపడగానే ఆపి బిట్టు చూడటం వల్ల చాలా బిట్లు బతుకుతాయి. ఈ చిప్స్ బ్లేడులా కోస్తాయి, వాటిని చేత్తో లాగకూడదు. తిరిగే బిట్టు దగ్గర చేతి తొడుగులు అంతకంటే ప్రమాదం, చుట్టుకుంటే చేతిని కూడా లాక్కుంటాయి.

అద్దంలా మారిన చిల్లుని కాపాడటం

గట్టిపడిన గుంటలో కొత్త బిట్టు పెట్టి అదే వేగంతో ప్రయత్నిస్తే అదీ పోతుంది. వీలుంటే అవతలి వైపు నుంచి మొదలుపెట్టడం అన్నిటికంటే సులువు, అటు లోహం ఇంకా మెత్తగానే ఉంటుంది. లేదంటే కార్బైడ్ బర్‌తో గానీ చిన్న గ్రైండింగ్ రాయితో గానీ ఆ మెరిసే పొరని గీకేసి, కొత్త పదునుతో ఉన్న కోబాల్ట్ బిట్టుని తక్కువ వేగంలో గట్టిగా నొక్కాలి. మెషిన్ ఉంటే కార్బైడ్ బిట్టుతో పొర దాటించవచ్చు. విరిగిన స్టెయిన్‌లెస్ బోల్టుని డ్రిల్ చేసి తీయాల్సి వచ్చినప్పుడు పని ఇంకా కష్టం అవుతుంది, ఎందుకంటే ఏ2-70, ఏ4-80 లాంటి బోల్టులు తయారీలోనే వేడి చేయకుండా సాగదీసి బలం పెంచినవి. బిట్టు తగిలే ముందే అవి కొంత గట్టిపడి ఉంటాయి.

గ్రేడ్ తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. 430 లాంటి నికెల్ దాదాపు లేని రకాలకి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది, అవి ఇంతగా గట్టిపడవు, మైల్డ్ స్టీల్‌కి దగ్గరగానే ప్రవర్తిస్తాయి. 303లో కావాలనే సల్ఫర్ కలుపుతారు, చిప్స్ ముక్కలుగా విరిగి కోత సులువవుతుంది, బదులుగా తుప్పుని ఆపే గుణం, వెల్డింగ్ గుణం కొంత తగ్గుతాయి. 2205 లాంటి డూప్లెక్స్ రకాలు 304 కంటే దాదాపు రెట్టింపు ఒత్తిడికి గానీ లొంగవు, వేగం మరింత తగ్గించాలి. 420తో చేసి పదును కోసం హార్డెన్ చేసిన కత్తి బ్లేడు లాంటివి అసలు హెచ్‌ఎస్‌ఎస్‌కి లొంగవు, వాటికి కార్బైడే దారి.

చిల్లు పడ్డాక

చిల్లు చుట్టూ పసుపు, ఊదా, నీలం రంగులు కనిపిస్తే అది అందం గురించిన సమస్య మాత్రమే కాదు. ఆ వేడికి పైపొరలో క్రోమియం ఆక్సైడ్‌గా మారి, దాని అడుగున లోహంలో క్రోమియం తగ్గుతుంది, తర్వాత తుప్పు మొదలయ్యేది అక్కడే. తడి తగిలే చోట వాడే ముక్క అయితే ఆమ్లం ఉండే పికిలింగ్ పేస్ట్‌తో గానీ, సన్నగా రుద్ది గానీ ఆ రంగు తీసేయాలి. అంతకు ముందు మైల్డ్ స్టీల్ మీద వాడిన ఆకురాయి, వైర్ బ్రష్ ఇక్కడ వాడితే వాటికి అంటుకున్న ఇనుప రజను స్టెయిన్‌లెస్ మీద దిగబడి కొన్నాళ్లకి ఎర్ర మచ్చలు తేలుతాయి. క్లోరిన్ కలిసిన కటింగ్ ఆయిల్‌ని పూర్తిగా కడిగేయాలి. చిల్లు పక్కనే వెల్డింగ్ చేయాల్సి ఉంటే సల్ఫర్ ఉన్న ఆయిల్ కూడా ఏమాత్రం మిగలకూడదు, అది వెల్డ్‌లోకి చేరితే చల్లబడేటప్పుడు పగుళ్లు వస్తాయి.